నెల జీతం ఇచ్చేచోటే వయసు అడుగుతారు

ఏలూరు పాత బస్టాండు దగ్గర గోడలకి, పవర్‌పేట స్టేషను దారిలో కరెంటు స్తంభాలకి, తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు చుట్టూ ఉన్న షట్టర్లకి అంటించే కాగితాలని ఎప్పుడైనా ఆగి చదివారా? ‘అకౌంటెంట్ కావలెను. ట్యాలీ, జీఎస్టీ వచ్చి ఉండాలి. వయసు 22–35.’ ‘బట్టల షోరూములో పనికి ఆడపిల్లలు కావలెను. 30 లోపు.’ ముప్ఫై అయిదు దాటనివాళ్లకి ఆ అంకెలు కంటికి ఆనవు. నాకిప్పుడు 53. నాకు ముందు అంకెలే కనిపిస్తాయి. జీతం ఎంతో తర్వాత చూస్తాను.

నేను గుమాస్తాని. బీకాం అయ్యాక గూడెంలో ఒక కమీషన్ కొట్లో చిట్టా, ఆవర్జా రాయడంతో మొదలైంది నా ఉద్యోగం. అప్పట్లో అమ్మకం పన్ను 1957 నాటి చట్టం కింద ఉండేది. 2005 ఏప్రిల్ 1న వ్యాట్ వచ్చింది, 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. దానికి ముందు ఏడాది పెద్దనోట్ల రద్దు. ప్రతిసారీ పుస్తకాలు మారాయి, ఫారాలు మారాయి, ‘ఇక ముసలి గుమాస్తాల పని అయిపోయినట్టే’ అన్నారు. అవలేదు. నా ఉద్యోగం పోయింది పన్నుల వల్ల కాదు. ఆఖరుగా నేను పనిచేసిన చోట, చేపల మేత వ్యాపారం చేసే మా పెద్దాయన కాలం చేశారు. ఆయనబ్బాయి లెక్కలన్నీ హైదరాబాదులో ఒక ఆఫీసుకి అప్పజెప్పారు. నా కుర్చీ తీసెయ్యలేదు, దానిమీద ఇప్పుడు ప్రింటరు పెట్టుకున్నారు.

అప్పటినుంచి గూడెం, ఉంగుటూరు, భీమడోలు, ఏలూరు, అటు కైకలూరు, ఆకివీడు దాకా పని కోసం తిరిగాను. తిరిగిన మీదట తెలిసిన సంగతి ఒకటుంది. వయసు అన్నిచోట్లా అడగరు. నెల జీతం ఇచ్చేచోటే అడుగుతారు. రోజుకింత, కిలోకింత, ట్రేకింత, బస్తాకింత అని లెక్కగట్టి ఇచ్చేచోట ఎవరికీ మీ వయసుతో పనిలేదు.

కొల్లేరు వైపు ఒకసారి తెల్లారుజామున వెళ్లి చూడండి. చెరువు పట్టుబడి రోజైతే వల లాగే జట్టు వేరు, ట్రేలు మోసే జట్టు వేరు, ఐసు కొట్టే జట్టు వేరు. శీలావతిని, బొచ్చెని కాటా వేసి, అడుగున ఐసు, దానిమీద చేప, మళ్లీ ఐసు పరిచి నింపుతారు. ఎండెక్కేలోపు లారీ కలకత్తా దారి పడుతుంది. ఆ గట్టుమీద అరవై దాటినవాళ్లూ ఉంటారు. మేస్త్రీ ఎవరినీ ఆధార్ చూపించమని అడగడు. రొయ్యల షెడ్లలో తలలు తీసే ఆడవాళ్లదీ అంతే. కిలోకింత అని కూలి. యాభై దాటినావిడ పక్కనే ఇరవయ్యేళ్ల పిల్ల కూర్చుంటుంది, షెడ్డువాళ్లకి ఇద్దరూ ఒకటే. పెద్దావిడ చెయ్యి నెమ్మదిస్తే తగ్గేది ఆవిడ కూలి గానీ షెడ్డు లాభం కాదు కదా!

నా మటుకు నాకు కిటుకంతా అక్కడే ఉందనిపిస్తుంది. వయసు వల్ల నష్టం వస్తే అది ఎవరి నెత్తిన పడుతుంది? కిలో లెక్కలో పనిచేసేవాళ్ల నెత్తిన. నెల జీతంలో యజమాని నెత్తిన. వస్తుందో రాదో తెలియని ఆ నష్టానికి యజమాని ముందే భయపడి కాగితం మీద 35 అని రాసేస్తాడు.

చెరువు కాపలాకైతే వయసైనవాణ్ణే కావాలంటారు. రాత్రిళ్లు మకాంలో పడుంటాడు, సెకండ్ షో సినిమాకి పోడు, పెళ్లిచూపులని సెలవడగడు. జీతం మాత్రం ‘ఈ వయసులో ఇంకెంత కావాలిలే’ అన్నట్టుంటుంది. కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కించారు, 2006లో అయిదో కాంటూరు లోపలున్న చేపల చెరువుల గట్లు కొట్టేశారు. అది మంచా చెడా అన్నది ఇక్కడి ముచ్చట కాదు. ఆ ఏడాది పనిపోయిన నా ఎరుకలోని కుర్రాళ్లు హైదరాబాదు బస్సెక్కేశారు. నలభై దాటినవాళ్లు ఊళ్లోనే మిగిలారు. మేస్త్రీలుగా పదిమందికి పని చెప్పినవాళ్లు కూడా పక్క మండలాల్లో చెరువుల మీద కాపలాకి కుదిరారు. వయసు అడక్కుండా దొరికే పని ఉంటుంది, కాకపోతే అది వెనకటి పనికంటే ఒక మెట్టు కిందనే ఉంటుంది.

మరి జీతం ఇచ్చేవాళ్లు ఎందుకు వద్దంటారు? చూపు ఆనదనో, కంప్యూటరు రాదనో అనుకుంటారు చాలామంది. కంప్యూటరు సంగతి అక్కడికక్కడే తేలిపోతుంది, తెరిచి చేసి చూపిస్తే సరి. ఆకివీడు దారిలో ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. యజమాని ముప్ఫై లోపు కుర్రాడు. పచ్చి చేపకి జీఎస్టీ లేదు గానీ దానిమీద పోసే ఐసుకి ఉంది కాబట్టి ఆయనకి గుమాస్తా కావాలి. ఆయన పాత నెల లెక్కలు తీసుకుని నా ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, తేడా ఎక్కడుందో చూపించాను. చూసి తలూపి, మళ్లీ నసిగాడు.

‘పని బాగుందండి మాస్టారూ. కాకపోతే...’

‘వయసా బాబూ?’

‘అబ్బే, వయసని కాదండి. మీరు మా నాన్నగారి ఈడు. రేప్పొద్దున్న లెక్క తప్పిందనుకోండి, మిమ్మల్ని నేనేమనగలను? లేటుగా వస్తే ఎందుకొచ్చారని నిలదీయగలనా? అదే ఓ కుర్రాడైతే ఒక మాటన్నా పడి ఉంటాడు.’

పనికోసం తిరిగినన్నాళ్లలో నేను విన్న అత్యంత నిజాయితీగల జవాబు ఇది. మిగతావాళ్లు ‘కబురు చేస్తాం’ అంటారు, కబురు రాదు. మన దగ్గర వయసుకి తగ్గ మర్యాద ఒకటుంది, జీతం ఇచ్చేవాడి పెత్తనం ఒకటుంది. రెండూ ఒకే గదిలో ఇమడవని యజమాని భయం. మనం చిన్నప్పుడు పెద్దలకి ఎదురుచెప్పకూడదని నేర్చుకున్నాం, మన పిల్లలకీ అదే నేర్పాం. ఆ పిల్లలే ఇప్పుడు యజమానులు. పెద్దవాళ్లకి పని చెప్పడానికి నోరు రాక, చెప్పే అవసరమే లేకుండా చేసుకుంటున్నారు. దీన్ని వివక్ష అంటే ఆ కుర్రాడు నొచ్చుకుంటాడు. గౌరవిస్తున్నాననే అతని నమ్మకం. ఆ గౌరవంతో మా ఇంట్లో పొయ్యి వెలగదు, అది వేరే సంగతి.

నేనన్నాను కదా, ‘బాబూ, మీరు అండీ అనే అడగండి, నేను బాబూ అనే జవాబు చెబుతాను. లెక్క తప్పితే రాత్రి ఎనిమిదింటికైనా ఫోన్ చేసి తప్పని చెప్పండి, దిద్ది పంపిస్తాను. ఆలస్యమైతే ఆ పూట కోసుకోండి.’ నవ్వాడు. పని ఇచ్చాడు. జీతానికి కాదు, నెలకిన్ని రిటర్నులు వేస్తే ఇంత అని.

అప్పటినుంచి ఎక్కడికి వెళ్లినా వాళ్లు నసగకముందే ఈ మాట నేనే ఎత్తుతున్నాను. యాభై దాటి పని వెతుక్కునేవాళ్లకి నేను ఇచ్చే సలహా కూడా ఇదే. యజమాని మనసులో ఉండేవి మూడు. మాట పడడేమో. పాత జీతం అడుగుతాడేమో. మంచం పడతాడేమో. మొదటిదానికి పైన చెప్పాను. రెండోదానికి, వాళ్లు అడిగేదాకా ఆగకుండా మనకి ఎంత కావాలో ఒక అంకె చెప్పెయ్యడం మేలు. చెప్పకపోతే వాళ్లే పెద్ద అంకె ఊహించుకుని దణ్ణం పెట్టేస్తారు. మూడోదానికి జవాబు లేదు. నాకు షుగరుంది, మాత్ర వేసుకుంటాను. నా బదులు పెట్టుకునే కుర్ర గుమాస్తాకి షుగరు ఉండదు గానీ స్పోర్ట్స్ బైకుంటుంది.

దరఖాస్తు కాగితం విషయంలోనూ ఒక మాట. ముప్ఫయ్యేళ్ల చరిత్ర మూడు పేజీలు రాసుకెళితే వాళ్లు చదివేది మొదటి ఉద్యోగం ఏ ఏట మొదలైందన్నదే. నేను అరపేజీ చేశాను. ఈ మధ్య చేసిన పనులు పైన పెట్టాను: ఈ-వే బిల్లులు, టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారికి 2023 ఆగస్టు నుంచి తప్పనిసరైన ఈ-ఇన్‌వాయిస్, చిన్న వ్యాపారికి కాంపోజిషన్ పథకం లాభమో నష్టమో తేల్చడం. పుట్టినతేదీ వెయ్యలేదు. ఆన్‌లైన్ ఫారాల్లో ఈ ఎత్తు పారదు. అక్కడ పుట్టిన సంవత్సరం నొక్కితేనే తర్వాతి పేజీ వస్తుంది. అందుకే గోడమీది కాగితాల కన్నా, ఫోన్‌లో వచ్చే యాప్‌ల కన్నా ఆడిటర్ల ఆఫీసులు నాకు ఎక్కువ పనికొచ్చాయి. నా చేతి పద్దులు చూసినవాళ్లెవరూ నా వయసు అడగలేదు.

కాగితం మీద 22–35 అని అచ్చేసి గోడకి అంటించడం నేరం కాదా అని మా అమ్మాయి అడిగింది. కాదు. రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వోద్యోగంలో మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టినచోటు, నివాసం చూసి వివక్ష చూపకూడదంటుంది. ఆ వరసలో వయసు లేదు. ప్రైవేటువాళ్లకి ఆ అధికరణమే వర్తించదు. ఉద్యోగ వివక్షకి వ్యతిరేకంగా అంతర్జాతీయ కార్మిక సంస్థ 1958లో చేసిన 111వ ఒప్పందాన్ని మనం 1960లోనే ఆమోదించాం. అందులోనూ వయసు మాట లేదు. 2019 వేతన కోడ్ కూడా పనిలో చేర్చుకునేటప్పుడు ఆడ, మగ తేడా చూపకూడదని చెప్పి ఊరుకుంది. అమెరికాలో మాత్రం 1967లోనే చట్టం చేశారు. నలభై నిండినవాళ్లని వయసు కారణంగా కాదనకూడదు. అయితే అక్కడా ఆ చట్టం ఇరవైమంది, అంతకు మించి పనిచేసే చోట్లకే. మన ఐసు ఫ్యాక్టరీలాంటివి అక్కడున్నా తప్పించుకునేవే!

ప్రభుత్వం సంగతి ఇంకా తమాషా. మన రాష్ట్రంలో 2025 మెగా డీఎస్సీకి జనరల్ అభ్యర్థుల గరిష్ఠ వయసు 44. అదే ప్రభుత్వంలో 2022 నుంచి పదవీ విరమణ వయసు 62. అంటే 61 ఏళ్ల పంతులు పాఠం చెప్పగలడు, 45 ఏళ్ల పంతులు చెప్పడం మొదలుపెట్టలేడు.

ఈ వయసు అంకెలు ఎంత ఊగిసలాడాయో మా తరానికి బాగా తెలుసు. 1983 జనవరిలో ఎన్టీ రామారావుగారు ముఖ్యమంత్రి అయ్యారు. ఫిబ్రవరి 8న జీవో వచ్చింది. పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గించారు, అప్పటికే 55 నిండినవాళ్లంతా ఫిబ్రవరి 28న ఇంటికి. నిరుద్యోగ యువతకి ఖాళీలు కావాలన్నది కారణం. నేనప్పుడు బళ్లో చదువుతున్నాను. జిల్లా కేంద్రం కాబట్టి ఏలూరులో ఆఫీసులు ఎక్కువ, వీధి అరుగుల మీద పెద్దవాళ్లు ఆ జీవో గురించే మాట్లాడుకునేవారు. రాష్ట్రం మొత్తం మీద 18 వేలమందికి పైగా ప్రభుత్వోద్యోగులు, 10 వేలమంది ప్రభుత్వరంగ సంస్థల వాళ్లు దిగిపోయారని సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. 1984 ఆగస్టులో ఆర్డినెన్సుతో మళ్లీ 58 చేశారు. 1985 జనవరిలో సుప్రీంకోర్టు కె. నాగరాజ్ కేసులో, 55కి తగ్గించడం తప్పు కాదంది. అదే ఏడాది ఆగస్టులో బి. ప్రభాకరరావు కేసులో, మధ్యలో దిగిపోయినవాళ్లలో ఇంకా 58 రానివాళ్లని తిరిగి తీసుకోవాలని, వయసు దాటినవాళ్లకి పరిహారం ఇవ్వాలని చెప్పింది. తర్వాత 2014లో 60 అయింది, 2022లో 62. నలభై ఏళ్లలో 55 నుంచి 62కి వచ్చాం. గుమాస్తా చూపూ చెయ్యీ అవే, మారింది జీవో.

పెద్దవాళ్లు దిగితే కుర్రాళ్లకి దొరుకుతుందన్న వాదం ఇప్పటికీ వింటుంటాను, మా ఇంట్లోనే. నేను ఖాళీ చేసిన కుర్చీలో ఏ కుర్రాడూ కూర్చోలేదు. అంతకు మించి దాని గురించి చెప్పను.

ప్రభుత్వ జాబితాల్లో నాలాంటివాడు ఎక్కడుంటాడో వెతికాను. అరవై దాటినవాళ్లకి పింఛను ఉంది, 2024 జూలై నుంచి నెలకి 4,000. మత్స్యకారులకి, చేనేతవాళ్లకి, కల్లుగీతవాళ్లకి యాభైకే ఇస్తారు. ఒళ్లు త్వరగా అరిగిపోయే పనులని ఎవరో ఆలోచించారన్నమాట, మంచిదే. 2020లో చేయూత పథకం పెట్టి 45–60 మధ్య ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ మహిళలకి ఏటా 18,750 ఇచ్చారు. ఆ పదిహేనేళ్ల గుంట ఒకటుందని అప్పుడు సర్కారు దృష్టికి వచ్చింది. వయసు మళ్లినవాళ్లకి ఉద్యోగాలు చూపించడానికి కేంద్రం 2021 అక్టోబరు 1న సేక్రెడ్ అనే పోర్టల్ పెట్టింది. చేరాలంటే అరవై నిండాలి. నేను ఇంకో ఏడేళ్లు ఆగాలి. సెక్యూరిటీ గార్డుకి మాత్రం 2005 చట్టం ప్రకారం 65 వచ్చేదాకా అర్హత ఉంది. అందుకే ఏటీఎంల ముందు, అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర మా ఈడువాళ్లు కనిపిస్తారు.

ఉద్యోగం పోయినప్పుడు రావలసినవి వదులుకోవద్దు. ఇది గుమాస్తాగా చెబుతున్నాను. పదిమంది, ఆపైన పనిచేసే చోట అయిదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. ఆఖరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో హెచ్చవేసి, ఎన్నేళ్లు చేస్తే అన్నింతలు. 1972లో వచ్చిన చట్టం ఇది. 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. మన వైపు షావుకార్లు ‘మా దగ్గర అలాంటివి లేవు’ అంటారు. ఉన్నాయి. ఇవ్వనంటే కార్మికశాఖ అధికారి దగ్గరికి వెళ్లవచ్చు.

పీఎఫ్ డబ్బు తొందరపడి తీసెయ్యకండి. వేరువేరు చోట్ల చేసిన సర్వీసంతా ఒకే యూఏఎన్ కింద కలిపించుకోండి. మొత్తం పదేళ్లు ఉంటే 58కి పింఛను వస్తుంది. పెద్ద మొత్తమేం కాదు, కనీసం నెలకి వెయ్యి అని 2014లో పెట్టారు. యాభై నిండాక ముందే తీసుకునే వీలుంది గానీ 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోస్తారు. ఆ కోత బతికినన్నాళ్లూ ఉంటుంది. పనిపోయిన కంగారులో నాతో పాటు మానేసిన డ్రైవరు సంతకం పెట్టబోతుంటే ఆపి, కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆగాడు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు, ఆటోకి వయసు పరిమితి లేదుట.

జపాన్‌లో 1970లలో టోక్యోలో మొదలై దేశమంతా పాకిన సిల్వర్ కేంద్రాలున్నాయి. అరవై దాటినవాళ్లు అందులో సభ్యులుగా చేరితే తోటపని, రాతపని, పార్కింగు కాపలాలాంటి చిన్న పనులు ఇప్పిస్తారు. వాటికీ నెల జీతం ఉండదు, చేసిన పనికి డబ్బు. అంత డబ్బున్న దేశం కూడా చివరికి మా రొయ్యల షెడ్డు పద్ధతికే వచ్చింది.

నేనూ వచ్చాను. ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీ కాక, గూడెంలో ఒక కిరాణా హోల్‌సేల్ కొట్టు, కైకలూరు దగ్గర మేత డీలరు ఒకరు, ఏలూరులో ఒక తివాచీల వ్యాపారి నా ఖాతాదారులు. ప్రతి నెలా 11లోపు అమ్మకాల రిటర్ను, 20లోపు పన్ను కట్టే రిటర్ను. 19వ తేదీ రాత్రి నాకు అన్నం సహించదు. వెనకటి జీతంలో మూడొంతులకి రెండొంతులు వస్తోంది. సెలవు పెడితే ఆ పనికి డబ్బు లేదు, పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లెక్క ఎప్పటికీ మొదలవదు. ‘స్వతంత్రంగా బతుకుతున్నావు’ అని స్నేహితులు మెచ్చుకుంటుంటే నాకు నవ్వొస్తుంది.

మొన్న ఐసు ఫ్యాక్టరీ అబ్బాయి తనంతట తనే అడిగాడు, ‘మాస్టారూ, రోజూ వచ్చెయ్యకూడదూ? జీతమే ఇస్తాను’ అని. వయసు మాట ఎత్తలేదు. నేను పీఎఫ్ అడిగాను. ఇరవైమంది ఉంటేనే కదా పీఎఫ్, తన దగ్గర పదకొండుమందే అన్నాడు. యజమానీ, పనివాళ్లలో సగానికి పైగా ఒప్పుకుంటే తక్కువమంది ఉన్నా చేరవచ్చు, పైగా ఇరవై లోపు వాళ్లకి 12 శాతం కాదు, 10 శాతమే కట్టాలని చెప్పాను. ‘వాళ్లు ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదండి’ అని బంతి మావైపు తోసేశాడు.

దిమ్మలు దించే కుర్రాళ్లతో మాట్లాడాను. చేతికొచ్చే జీతంలో పదోవంతు తగ్గుతుందంటే వాళ్లకి నచ్చలేదు. వాళ్లలో చురుకైనవాడు, ఇరవై రెండేళ్లుంటాయేమో, మొహం మీదే అన్నాడు: ‘అది మీకు కావాలి గానీ నాకెందుకండి మాస్టారూ?’ యజమాని కూడా అంతే కడతాడు, అది నీ పేరు మీదే పడుతుంది, నువ్వు ఇక్కడ మానేసినా నీ వెంటే వస్తుందని చెప్పాను. పాస్‌బుక్ ఫోన్‌లో కనిపిస్తుందా అని అడిగాడు. కనిపిస్తుందన్నాను. ఇప్పటికి నాలుగు సంతకాలయ్యాయి, ఇంకో రెండు కావాలి.